పాత కంప్యూటరులో విండోస్ ఎక్స్‌పీ స్థాపన

విండోస్ ఎక్స్‌పీ అనునది మైక్రోసాఫ్టు సంస్థ 2001 అక్టోబరు 25న విడుదల చేసిన ఆపరేటింగ్ సిస్టము (నిర్వహణ వ్యవస్థ). దీనికి మైక్రోసాఫ్టు మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసినది. ఆ తరువాత దీనిని రోజువారీ పనికి వాడుట సురక్షితము కాదు. అయినను తెలుగునాట ఒక వర్గానికి దీని అవసరము తీరలేదు. యూనీకోడ్ వ్యాప్తిలోకి రాకముందు తెలుగు పుస్తకాలు, చిన్న పత్రికలు, కరపత్రాలు, శుభలేఖలు ఎక్కువగా వివిధ సంస్థలు తయారుచేసిన సొంత ఫాంట్లలో, పేజ్‌మేకర్ వంటి కూర్పు సాఫ్టువేర్లలో తయారైనవి. ఆ ఫైళ్ళను యథాతథంగా తెరచి చూడుటకు చాలా సందర్భాలలో ఆనాటి ఆపరేటింగ్ సిస్టమే సులువైన దారి. ఈ వ్యాసము ముఖ్యముగా ఆ దృష్టితో వ్రాయబడినది.

నూజివీడు వంటి పట్టణాలలో పరిస్థితి

నూజివీడు మామిడికి ప్రసిద్ధి పొందిన పట్టణము. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడువరకు ఇది కృష్ణా జిల్లాలో ఉండినది. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టరు (తోతాపురి) ఇక్కడి తోటలలో పేరుపడిన రకాలు. మామిడి కోతలు, పెళ్ళి ముహూర్తాలు రెండూ వేసవిలోనే కలసి వచ్చుటచేత ఇటువంటి ఊళ్ళలోని డీటీపీ కేంద్రాలకు ఆ మూడు నెలలు ఊపిరి సలపని కాలము. పెట్టెలపై అతికించే చీటీలు, బిల్లు పుస్తకాలు, శుభలేఖలు అన్నీ ఒకే యంత్రముపై తయారగును. సరిగా ఆ సమయములోనే ఎండ 40 డిగ్రీలు దాటుట, కరెంటు పోవుట, హార్డ్‌డిస్కు మొరాయించుట కూడా జరుగుచుండును.

ఊరి చివర 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణము (ట్రిపుల్ ఐటీ) వెలసినది. కొత్త కంప్యూటర్లకు ఊరు అలవాటు పడినా, పాత పని కొత్త యంత్రములోనికి దానంతట అది నడచి రాదు. స్థానిక కవుల సంపుటాలు, గ్రామ చరిత్రలు, ఆలయ కరపత్రాలు వంటివి కొన్ని వందల ప్రతులే అచ్చయి ఉండును. ప్రతులు చెల్లిపోయిన పిదప వాటికి మిగిలిన మూలము డీటీపీ కేంద్రపు పాత డిస్కు మాత్రమే కావచ్చును.

ఫార్మాట్ చేయుటకు ముందు

కంప్యూటరు నెమ్మదించినా, వైరసు సోకినా "ఫార్మాట్ కొట్టిస్తే సరిపోతుంది" అనుట మన ప్రాంతములో వాడుక. పోయిన ఫైళ్ళలో చాలా భాగము ఈ ఒక్క మాటతోనే పోయినవని చెప్పవచ్చును. సీ డ్రైవును మాత్రమే ఫార్మాట్ చేసితిమి, డీ డ్రైవు భద్రముగానే ఉన్నదన్న భరోసా చాలదు. డెస్క్‌టాప్ మీద, మై డాక్యుమెంట్స్‌లో ఉంచినవన్నీ మామూలుగా సీ డ్రైవులోనే ఉండును. అంతకంటె ముఖ్యముగా విండోస్ ఫోల్డరు లోపలి ఫాంట్స్ ఫోల్డరు కూడా అక్కడే ఉన్నది. ఫైలు మిగిలి ఫాంటు పోయినచో పుటనిండా అర్థము లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు మాత్రమే కనిపించును.

కావున పాత డిస్కును అసలు కదపక, దానిని విప్పి పక్కన పెట్టి, వేరొక డిస్కుపై ఎక్స్‌పీని స్థాపించుట ఉత్తమము. పాత ఐడీఈ డిస్కులను యూఎస్‌బీకి కలుపు అడాప్టర్లు దొరుకును. శబ్దము చేయుచున్న డిస్కు నుండి ఫైళ్ళను ఒక్కొక్కటిగా లాగరాదు. లినక్సు సీడీతో యంత్రమును ప్రారంభించి, డీడీరెస్క్యూ వంటి ఉపకరణముతో మొత్తము డిస్కుకు ఒకేసారి నకలు తీసి, తరువాత ఆ నకలు నుండి వెదకుకొనవలెను. ఫైళ్ళతో పాటు ఫాంట్లు, కీబోర్డు సాఫ్టువేరు స్థాపన ఫైళ్ళు, వాటి క్రమసంఖ్యలు కూడా భద్రపరచవలెను. 2000లలో వ్రాసిన సీడీలలో నకళ్ళు ఉన్నవి కదా అని ఊరుకొనుట మంచిది కాదు. వెలుతురుకు, వేడికి వాటి రంగు పొర చెడును.

యంత్రము

ఎక్స్‌పీకి కనీసము 233 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 64 మెగాబైట్ల మెమరీ, 1.5 గిగాబైట్ల డిస్కు స్థలము కావలెను. మెమరీ 128 మెగాబైట్లుండవలెనని మైక్రోసాఫ్టు సూచన. అనుభవములో 256కు తక్కువైనచో పేజ్‌మేకర్‌తో పని విసుగు పుట్టించును. 32 బిట్ల ఎక్స్‌పీ నాలుగు గిగాబైట్లకు మించిన మెమరీని వాడుకొనలేదు.

అటకపై నుండి దించిన పెట్టెను వెంటనే కరెంటుకు కలుపరాదు. మూత తీసి దుమ్ము ఊదవలెను. మదర్‌బోర్డుపై ఉబ్బిన కెపాసిటర్లున్నవేమో చూడవలెను. ఆ దశాబ్దపు బోర్డులలో ఇది సర్వసాధారణమైన జబ్బు. తెర వెలుగక బీప్ శబ్దములు మాత్రమే వినిపించినచో మెమరీ కార్డు తీసి, దాని ఇత్తడి రంగు అంచును పెన్సిలు రబ్బరుతో రుద్ది మరల పెట్టుట మన మెకానిక్కుల తొలి వైద్యము, చాలాసార్లు ఫలించును కూడా. తేదీ ప్రతిసారీ వెనుకకు పోవుచున్నచో బోర్డుపై నాణెము వంటి బ్యాటరీని మార్చవలెను.

స్థాపన క్రమము

సర్వీసు ప్యాక్ 2 (2004) లేదా 3 (2008) కలిసియున్న సీడీనే ఎంచుకొనవలెను. 2001 నాటి మొదటి సీడీ 137 గిగాబైట్లకు మించిన డిస్కును పూర్తిగా గుర్తించలేదు. బ్రాండు కంప్యూటరైనచో పెట్టెపై అతికించిన చీటీలో 25 అక్షరాల ఉత్పత్తి సంఖ్య ఉండును. కంప్యూటరుతో వచ్చిన సంఖ్య దుకాణములో విడిగా అమ్మిన సీడీకి సాధారణముగా పనిచేయదు.

యంత్రము వెలుగుచుండగా డిలీట్ మీట (కొన్నిటిలో ఎఫ్2) నొక్కి బయాస్‌లోనికి వెళ్ళి, మొదట సీడీ నుండి ప్రారంభమగునట్లు మార్చవలెను. నీలిరంగు తెరపై అక్షరాలతో మొదటి దశ నడచును. ఒప్పందమును ఎఫ్8తో అంగీకరించి, విభజనను (పార్టిషను) ఎన్నుకొని, ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేయవలెను. ఈ తెరపై డిస్కు పరిమాణమును చదివి, ఇది ఏ డిస్కో రెండుసార్లు నిర్ధారించుకొనవలెను. రెండు డిస్కులు తగిలించి ఉన్నప్పుడు పొరపాటు జరుగునది ఇక్కడే.

2005 తరువాతి యంత్రాలలో సాటా డిస్కులుండును. వాటి చోదకాలు (డ్రైవర్లు) ఎక్స్‌పీ సీడీలో లేనిచో డిస్కు అసలు కనబడదు, లేదా చివర 7బి అని ఉండు దోషసంఖ్యతో నీలితెర వచ్చును. బయాస్‌లో సాటా పద్ధతిని ఏహెచ్‌సీఐ నుండి ఐడీఈకి మార్చుట దీనికి సులువైన మందు. మార్చు వీలు లేనిచో స్థాపన ప్రారంభములో ఎఫ్6 నొక్కి చోదకమును అందించవలెను. ఆ దశలో ఎక్స్‌పీ అడుగునది ఫ్లాపీనే. ఫ్లాపీ లేనివారు ఎన్‌లైట్ వంటి ఉపకరణముతో చోదకాన్ని సీడీలోనే ముందుగా కలిపి కొత్త సీడీ తయారుచేసుకొనవచ్చును.

ఫైళ్ళు నకలగుచుండగా కరెంటు పోయినచో మొదటినుండి చేయుట మేలు. తరువాతి చిత్రరూప దశలో (తెరపై 39 నిమిషాలు అని చూపుచుండును) కరెంటు పోయినచో యంత్రము మరల వెలిగినప్పుడు స్థాపన సాధారణముగా తానే కొనసాగును. ఏమైనను వేసవిలో యూపీఎస్ లేకుండ ఈ పనికి పూనుకొనరాదు. స్థాపన అయిన తరువాత మదర్‌బోర్డు, డిస్‌ప్లే, శబ్దము వరుసలో చోదకాలు వేయవలెను. ఉత్పత్తి సక్రియము (యాక్టివేషన్) చేయుటకు గడువు 30 రోజులు. గడువు దాటినచో లోనికి ప్రవేశించనివ్వదు. పెద్ద కంపెనీల యంత్రాలతో వచ్చిన పునఃస్థాపన సీడీలకు ఆ యంత్రము మీదనే వాడినంతవరకు ఈ బెడద ఉండదు.

ఎక్స్‌పీలో రెండు తెలుగులు

తెలుగు లిపి 1991లోనే యూనీకోడ్ మొదటి వెర్షనులో చోటుచేసుకున్నది. అయితే విండోస్‌లో తెలుగుకు స్థానము ఎక్స్‌పీతోనే లభించినది. 2000లో వచ్చిన విండోస్ 2000లో దేవనాగరి, తమిళములకు ఉన్న సదుపాయము తెలుగుకు లేదు. ఎక్స్‌పీలో గౌతమి అను ఫాంటు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు చేరినవి. కాని అవి స్థాపనతో తమంత తామే పనిచేయవు. కంట్రోల్ ప్యానెల్‌లో రీజినల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరచి, లాంగ్వేజెస్ పుటలో సంక్లిష్ట లిపులకు సంబంధించిన మొదటి గడిలో టిక్కు పెట్టవలెను. అప్పుడు సీడీ అడుగును (ఐ386 అను ఫోల్డరు చూపినను చాలును). తరువాత యంత్రమును పునఃప్రారంభించవలెను. ఈ ఒక్క టిక్కు లేనందువలన ఒత్తులు విడిపోయి, పొల్లులు బయటపడి, తెలుగు వికీపీడియా చదువలేకపోయినవారు ఆ రోజులలో ఎందరో. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన 2000, వేమన 2000 ఫాంట్లను కూడా చేర్చుకొనిన చదువుటకు ఇంపుగా ఉండును.

రెండవది డీటీపీ తెలుగు. అనూ, శ్రీలిపి వంటి వ్యవస్థలలో కంప్యూటరు దృష్టిలో ఉన్నవి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాలలో తెలుగు అక్షరముల ముక్కలు కూర్చోబెట్టబడి ఉండును. "నూజివీడు" అను మాట యూనీకోడ్‌లో న, ఊత్వము, జ, ఇత్వము, వ, ఈత్వము, డ, ఉత్వము అని ఎనిమిది సంకేతాలు. పాత ఫాంట్లలో జి, వీ వంటివి సాధారణముగా ఒక్కొక్క అచ్చుగా ఉండును, కొమ్ములు విడి ముక్కలుగా ఉండును. సంకేతాలు ఫాంటుకొక తీరు, ఒకే సంస్థ ఫాంట్లలో కూడా కూర్పు మారినచో మారవచ్చును. అందుచేత ఈ ఫైళ్ళలో వెదకుట, అకారాది క్రమములో పేర్చుట సాధ్యము కాదు.

ఈ ఫైళ్ళకు ఎక్స్‌పీపై పేజ్‌మేకర్ (6.5 ఫైళ్ళ పేరు చివర పి65, 7.0 ఫైళ్ళ చివర పీఎండీ అని ఉండును), ఆ పుస్తకము కూర్చిన ఫాంట్లు వేసినచో చదువుటకు చాలును. దిద్దవలెనన్న కీబోర్డు సాఫ్టువేరు కూడా కావలెను. కొన్ని సాఫ్టువేర్లకు ప్రింటరు పోర్టుకో యూఎస్‌బీకో తగిలించు తాళము (డాంగిల్) ఉండును. 32 బిట్ల ఎక్స్‌పీ కొరకు వ్రాసిన దాని చోదకము 64 బిట్ల విండోస్‌లో పనిచేయదు. పాత యంత్రమునకు విలువ మిగులుటకు ఒక కారణమిదే.

పాఠ్యమును వెలికి తీయుట

ఫైలు తెరుచుకున్నచో పని సగమే అయినది. మొదట ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ చేసుకొనవలెను. పుట రూపము దానివలన నిలుచును, కాని పీడీఎఫ్ నుండి నకలు చేసిన పాఠ్యము అదే గందరగోళముగా వచ్చును. కావున పాఠ్యమును వేరుగా ఎగుమతి చేసి యూనీకోడ్‌కు మార్చవలెను. ఎగుమతిని ఉత్త టెక్స్టుగా కాక ఆర్‌టీఎఫ్ రూపములో చేయుట అవసరము. ఆర్‌టీఎఫ్‌లో ఏ భాగము ఏ ఫాంటులో ఉన్నదో నమోదై ఉండును. ఉత్త టెక్స్టులో ఆ వివరము పోవుటచేత, మధ్యలోని ఇంగ్లీషు మాటలను, ఫోను నంబర్లను కూడా మార్పిడి ఉపకరణము తెలుగనుకొని వికృతము చేయును.

మార్పిడి ఉపకరణాలు అంతర్జాలములో కలవు. 2000లలో దినపత్రికల సైట్లలోని సొంత ఫాంట్లను యూనీకోడ్‌గా చూపిన పద్మ అను ఫైర్‌ఫాక్సు పొడిగింత ఈ పనికి దారి చూపినవాటిలో ఒకటి. ఏ ఉపకరణమైనను ఒత్తుల వద్ద, అరుదైన సంయుక్తాక్షరాల వద్ద తడబడును. పీడీఎఫ్‌ను పక్కన పెట్టుకొని మనిషి కన్నుతో సరిచూచుట తప్పదు. పద్యాలైనచో యతిప్రాసలు, గణాలు దొర్లిన తప్పులను తామే పట్టి ఇచ్చును. వచనములో ఆ సాయము లేదు.

అంతర్జాలము, వర్చువల్ యంత్రము

ఈ యంత్రమును అంతర్జాలమునకు కలుపకుండుట మేలు. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అను పురుగు, కేవలము నెట్టుకు కలిపి ఉంచిన ఎక్స్‌పీ యంత్రాలలో దూరి, 60 క్షణాల గడువు చూపి ఆపివేసినది. ఫైర్‌వాల్ తనంత తాను పనిచేయుట సర్వీసు ప్యాక్ 2తోనే మొదలైనది. 2017 మేలో వానాక్రై దాడిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని చిక్కుకొన్నవి. నాడు దెబ్బతిన్నవాటిలో విండోస్ 7 యంత్రాలే ఎక్కువైనను, మద్దతు ముగిసి మూడేళ్ళైన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్టు ప్రత్యేకముగా సవరణ విడుదల చేయవలసి వచ్చినది. ఎక్స్‌పీకి పనిచేసిన చివరి ఫైర్‌ఫాక్సు 52వ వెర్షను. దాని మద్దతు 2018లో ఆగినది. ఫైళ్ళను పెన్‌డ్రైవుతో తరలించి, రెండవ యంత్రములో తెరచుటకు ముందు వైరసు తనిఖీ చేయవలెను.

పాత పెట్టె దొరకనివారు వర్చువల్‌బాక్స్ వంటి సాఫ్టువేరుతో నేటి కంప్యూటరులోనే ఎక్స్‌పీని నడుపవచ్చును. చోదకాల వెదుకులాట చాలావరకు తప్పును, కరెంటు పోయినను పూర్వస్థితికి మరలుటకు స్నాప్‌షాట్లుండును. నెట్‌వర్కును ఒక్క టిక్కుతో తీసివేయవచ్చును. చోదకము ఉన్న యూఎస్‌బీ తాళములను లోపలి ఎక్స్‌పీకి అప్పగించు వీలున్నది. ప్రింటరు పోర్టు తాళములకు మాత్రము అసలు యంత్రమే దిక్కు.

యూనీకోడ్ తెలుగు వ్రాసుకొనుటకే పాత కంప్యూటరు కావలసినచో ఎక్స్‌పీతో పని లేదు. తేలికపాటి లినక్సు చాలును. హైదరాబాదుకు చెందిన స్వేచ్ఛ సంస్థ 2000ల మధ్యనాటికే తెలుగు ముఖముతో లినక్సును అందించినది. అయితే 32 బిట్ల యంత్రాలకు కొత్త వెర్షనులు విడుదల చేయుట పలు లినక్సు పంపకాలు మానివేసినవి గనుక, దించుకొను ముందు యంత్రము ఏ తరమునకు చెందినదో చూచుకొనవలెను.