మొదటి గడి

చేసిన పని యంతయు వ్యర్థమై మరల ప్రారంభమునకు రావలసినప్పుడు ఆంగ్లేయులు “బ్యాక్ టు స్క్వేర్ వన్” అందురు. మొదటి గడికి తిరిగి వచ్చితిమని దాని అర్థము. “కథ మరల మొదటికి వచ్చినది” అని మనమును అనుచుందుము. కాని ఆ గడి ఏ ఆటలోనిది?

అది రేడియోలో పుట్టిన మాట యని ఒక ప్రతీతి కలదు. 1927 జనవరి 22వ తేదీన లండనులోని హైబరీ మైదానమున ఆర్సెనల్, షెఫీల్డ్ యునైటెడ్ జట్ల ఫుట్‌బాల్ ఆటను బి.బి.సి. వారు జరుగుచుండగనే ప్రసారము చేసిరి. కంటికి కానరాని ఆటను శ్రోత ఎట్లు ఊహించుకొనవలెను? అందులకై ‘రేడియో టైమ్స్’ పత్రిక మైదానమును ఎనిమిది గళ్ళుగా విభజించి పటము ప్రచురించినది. వేక్‌లం ఆటను వర్ణించుచుండగా, ప్రక్కనున్న సహాయకుడు బంతి యున్న గడి సంఖ్యను చెప్పుచుండెను. పటముపై వ్రేలుంచి బంతి వెంట పోవుటయే శ్రోత పని.

రేడియోవారు ఈ కథను వదలుకొన నిష్టపడరు, మేమును అంతియే. అయినను అది నిలువదు. గోలు పడిన పిమ్మట ఆట మైదానము నడుమ మొదలగును గాని మూలనున్న మొదటి గడిలో గాదు. పైగా ఈ నుడికారము అచ్చులో కనబడినది 1952లో. అదియు ఒక ఆర్థికశాస్త్ర పత్రికలో, పాములు నిచ్చెనల ఆటతో పోల్చి చెప్పిన వాక్యమున.

ఆ ఆట మన వైకుంఠపాళియే. పరమపద సోపానపటమనియు దానికి పేరు. జైనులును ఇట్టి పటములు వ్రాసికొనిరి. పంతొమ్మిదవ శతాబ్ది చివర ఇంగ్లండు అంగళ్ళలో అది అమ్మకమునకు వచ్చినది. తొలుత అచ్చటను నిచ్చెనలకు పొదుపు, పశ్చాత్తాపము వంటి సుగుణముల పేర్లుండెడివి. క్రమముగా పేర్లు పోయి అంకెలు మిగిలినవి. మోక్షమునకై ఆడిన ఆట పిల్లల కాలక్షేపమైనది.

ముక్కోటి ఏకాదశికి దమ్మపేట వంటి అడవి అంచు గ్రామములనుండి భద్రాచలమునకు ఉత్తరద్వార దర్శనార్థము పోవుదురు. తెలుగునాట ఆ రాత్రి జాగరణకు తరతరములుగా తోడైనది ఈ పటమే. గవ్వలు వేయుదురు, నిచ్చెన లెక్కుదురు. పరమపదమునకు చేరువలో పెద్దపాము నోరు తెరచుకొని యుండును. “పెద్దపాము మ్రింగినది” అను మన పలుకుబడి దానినుండి వచ్చినదే. ఆంగ్లేయుల మాటలో మొదటి గడికి వచ్చుట శ్రమ వృథాయగుట మాత్రమే. మన పటమున అది మరియొక జన్మము. పాము మ్రింగిన కాయను ఎవరును తీసివేయరు. తన వంతు వచ్చి గవ్వలు పడువరకు అది అడుగు వరుసలో నుండును.