ఆరావళి శిల – ఢిల్లీ వాస్తు

భవనం తాను నిలిచిన నేలను మరుగుపరచక, ఆ నేలలోనే ఒదిగిపోవాలన్న భావన ఆధునిక వాస్తుశిల్పులు కొత్తగా కనుగొన్నది కాదు. ఢిల్లీ పరిసరాలలో ఈ భావనకు సుమారు వెయ్యేళ్ల చరిత్ర ఉంది. రాజస్థాన్ మీదుగా సాగివచ్చిన ఆరావళి పర్వతశ్రేణి ఢిల్లీ వద్ద చిన్నచిన్న గుట్టలుగా ముగుస్తుంది. ఈ గుట్టలలో లభించే క్వార్ట్‌జైట్ అనే కఠినశిల ఇక్కడి అనేక కట్టడాలకు రూపాన్నీ, రంగునూ ప్రసాదించింది.

నేటి ఫరీదాబాద్ జిల్లాలోని సూరజ్‌కుండ్ ఇందుకు ప్రాచీనమైన ఉదాహరణ. తోమర వంశీయుడైన సూరజ్‌పాల్ 10వ శతాబ్దిలో దీనిని నిర్మించాడని సంప్రదాయం చెబుతోంది. గుట్టలపై కురిసిన వాననీరు చేరే పల్లాన్ని ఎంచుకొని, శిల్పులు అర్ధచంద్రాకారంలో రాతిమెట్లను పేర్చారు. సమీపంలోని అనంగ్‌పూర్ ఆనకట్ట సైతం ఇరుకైన లోయకు అడ్డంగా అక్కడి రాతితోనే నిర్మితమైంది. నేలవాలును మార్చక, దానినే వినియోగించుకోవడం ఈ రెండింటి విశేషం.

1321లో ఘియాసుద్దీన్ తుగ్లక్ ప్రారంభించిన తుగ్లకాబాద్ కోట ఈ మార్గంలో మరొక మెట్టు. గుట్ట అంచులను అనుసరించి సాగే దాని గోడలు అడుగున వెడల్పై, పైకి పోనుపోను లోనికి వాలి ఉంటాయి. దూరం నుండి చూచేవారికి కొండ ఎక్కడ ముగిసి కోట ఎక్కడ మొదలైనదో వెంటనే తెలియదు. దక్షిణాన ఉండిన జలాశయం నడుమ సుల్తాన్ సమాధిని నిర్మించి, రాతివారధితో కోటకు కలిపారు. ఆ జలాశయం ఏనాడో ఎండిపోయింది.

స్వాతంత్ర్యానంతరం ఈ శిలకు కొత్త భాష్యం చెప్పినవాడు జోసెఫ్ ఆలెన్ స్టైన్ (1912–2001). అమెరికాలో జన్మించిన స్టైన్ 1952లో భారతదేశానికి వచ్చి, బెంగాల్ ఇంజనీరింగ్ కళాశాలలో బోధించి, అనంతరం ఢిల్లీలో స్థిరపడ్డాడు. ఆయన రూపొందించిన ఇండియా ఇంటర్నేషనల్ సెంటర్‌ను 1962 జనవరిలో, నాటి ఉపరాష్ట్రపతి డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. ప్రక్కనే లోడీ ఉద్యానంలో 15, 16 శతాబ్దుల సమాధులున్నాయి. వాటితో పోటీపడి ఎత్తుకు ఎదగక, చెట్లనీడలోనే అణకువతో నిలవడం ఈ భవనపు గొప్పతనం. స్థానిక రాతిగోడలు, ఎండను వడగట్టే జాలీలు, నడుమ పచ్చిక ముంగిళ్లు లోపలికీ వెలుపలికీ గల హద్దును చెరిపివేస్తాయి. స్టైన్ సేవలకు 1992లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

అయితే కొండలో కలిసిపోయే భవనానికి కావలసిన రాయి ఆ కొండ నుండే రావాలి. నగరం పెరిగినకొద్దీ గనులూ పెరిగి, గుట్టలు గోతులయ్యాయి. 2002లోనూ, 2009లోనూ సర్వోన్నత న్యాయస్థానం హర్యానాలోని ఆరావళి ప్రాంతంలో తవ్వకాలను అడ్డుకొనవలసివచ్చింది. అప్పటికే ఫరీదాబాద్ సమీపంలోని బడ్ఖల్ సరస్సు ఎండిపోయింది.

కనుక పరిసరాలలో ఒదిగిపోవడమంటే రంగులోనూ, రూపంలోనూ పోలిక మాత్రమే కాదు. కట్టడం వెలసిన తరువాత కూడా వాననీరు తన దారిన తాను ప్రవహించగలగాలి, చెట్టు నిలవాలి, కొండ కొండగానే మిగలాలి. సూరజ్‌కుండ్ శిల్పులు రాతిమెట్లతో చెప్పిన పాఠం ఇదే. విస్తరిస్తున్న రాజధాని ప్రాంతానికి నేడు ఆ పాఠం మరింత అవసరం.