చారులత (1964 సినిమా)

చారులత 1964లో విడుదలైన బెంగాలీ చలనచిత్రం. దీని దర్శకుడు సత్యజిత్ రాయ్. రవీంద్రనాథ్ ఠాగూర్ 1901లో రచించిన "నష్టనీడ్" అనే పెద్దకథ దీనికి ఆధారం. ఒక గృహిణి ఒంటరితనాన్ని, దుఃఖాన్ని సంభాషణల కంటే దృశ్యం, శబ్దం ద్వారా ఎక్కువగా తెలియజేసిన చిత్రంగా ఇది ప్రసిద్ధి చెందింది.

కథాంశం

కథాకాలం 1880 ప్రాంతం, స్థలం కలకత్తా. సంపన్నుడైన భూపతి ఆంగ్ల పత్రిక నడపడంలో మునిగి ఉంటాడు. అతని భార్య చారులతకు సాహిత్యమంటే ఇష్టం. భూపతికి తమ్ముడి వరుసయ్యే అమల్ ఆ ఇంటికి వచ్చిన తరువాత ఆమె రచనకు ప్రోత్సాహం లభిస్తుంది, అతనిపై అనురాగమూ కలుగుతుంది. అది గ్రహించిన అమల్ చెప్పకుండా ఇల్లు విడిచి వెళ్ళిపోతాడు.

ఒంటరితనం చిత్రణ

ప్రారంభ సన్నివేశంలో మాటలు దాదాపు లేవు. చారులత రుమాలుపై భర్త పేరులోని మొదటి అక్షరం కుడుతుంది, పుస్తకం తీసి మళ్ళీ పెట్టేస్తుంది, గది నుండి గదికి తిరుగుతుంది. పిడి ఉన్న చిన్న దుర్భిణితో కిటికీ రెక్కల సందులగుండా వీధిలో పోయేవారిని చూస్తుంది. కోతులనాడించేవాని డమరుకం, పల్లకీ బోయీల కేకలు బయటినుండి వినిపిస్తాయి. బయట సందడి ఉన్నకొద్దీ ఇంటిలోని నిశ్శబ్దం బరువుగా తోస్తుంది.

అంతలో భూపతి పుస్తకం చదువుకుంటూ ఆమెను గమనించకుండానే పక్కనుండి నడచిపోతాడు. ఆమె అతనిని కూడా దుర్భిణిలోనుండే చూస్తుంది. భర్త సైతం ఆమెకు వీధిలోని బాటసారులవలె దూరపు మనిషేనని దీని భావం. ఆమె దుర్భిణి దించగానే కెమెరా చటుక్కున వెనుకకు జరిగి, విశాలమైన వరండాలో ఆమెను ఒంటరిగా చూపుతుంది.

సుబ్రత మిత్ర ఛాయాగ్రహణం, బన్సీ చంద్రగుప్త కళాదర్శకత్వం ఈ భావానికి తోడ్పడ్డాయి. ఖరీదైన సామగ్రితో నిండిన గదులు ఆమెకు పంజరంలా కనిపిస్తాయి.

ముగింపు

అమల్ ఉత్తరం చూసి చారులత నిగ్రహం కోల్పోయి ఏడుస్తుంది. భూపతి అది చూస్తాడు. భార్యను నిలదీయకుండా గుర్రపుబండిలో ఒంటరిగా తిరిగి వస్తాడు. గుమ్మంలో ఆమె చేయి చాపుతుంది, అతడూ సంకోచంతో చేయి చాపుతాడు. రెండు చేతులూ కలియకముందే దృశ్యం నిశ్చల చిత్రంగా ఆగిపోతుంది. ఆపై వరుసగా మరికొన్ని నిశ్చల చిత్రాలు కనిపిస్తాయి. మూలకథలో భూపతి మైసూరు ప్రయాణం గురించిన సంభాషణతో తెలిసే ఎడబాటును రాయ్ ఈ చేతుల మధ్య ఖాళీతో చూపారు. వారు మళ్ళీ కలుస్తారా లేదా అన్నది ప్రేక్షకుల ఊహకే వదిలివేయబడింది.

పురస్కారాలు

ఈ చిత్రం 1964 సంవత్సరానికి ఉత్తమ చలనచిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. 1965లో బెర్లిన్ చిత్రోత్సవంలో రాయ్‌కు ఉత్తమ దర్శకుడిగా రజత భల్లూక పురస్కారం లభించింది. చారులతగా మాధవీ ముఖర్జీ, భూపతిగా శైలేన్ ముఖర్జీ, అమల్‌గా సౌమిత్ర ఛటర్జీ నటించారు.