నేషనల్ పార్క్‌నే రద్దు చేసి ముంచేసిన జలపాతం: ఇగ్వాసు పక్కింటి కథ

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. ఫోన్‌లో మ్యాప్స్ ఓపెన్ చేసి, బ్రెజిల్, పరాగ్వే బోర్డర్‌లో గ్వాయిరా అనే ఊరు వెతకండి. ఊరి పక్కనే పరానా నది సముద్రంలా వెడల్పుగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. ఆ నీళ్ళ కింద 1982 అక్టోబర్ వరకూ ఒక జలపాతం ఉండేది. నీటి పరిమాణం లెక్కలో ప్రపంచంలోనే అతి పెద్ద జలపాతాల్లో ఒకటి. దాని చుట్టూ ఒక నేషనల్ పార్క్ కూడా ఉండేది. ఇప్పుడు జలపాతమూ లేదు, పార్కూ లేదు.

అక్కడి నుంచి దక్షిణంగా కొన్ని గంటల ప్రయాణంలో ఇగ్వాసు జలపాతం ఉంది. అది ఇంకా ఉంది, లక్షల మంది వెళ్ళి చూస్తున్నారు. నేనూ వెళ్ళి చూశాను. ఒకే ప్రాంతం, ఒకే రకం రాయి, ఒకే అడవి, దాదాపు ఒకే చరిత్ర. ఒకటి బతికింది, ఒకటి మునిగింది. ఎందుకు? ఇవాళ్టి టాపిక్ అదే.

ముందు ఇగ్వాసు గురించి. గ్వారానీ భాషలో "ఇ" అంటే నీళ్ళు, "గ్వాసు" అంటే పెద్ద. పెద్ద నీళ్ళు, అంతే. అక్కడ నిలబడితే ఇంకో పేరు అవసరం లేదనిపిస్తుంది. ఇది ఒక్క ధార కాదు. సుమారు 2.7 కిలోమీటర్ల వెడల్పున, నీటి మట్టాన్ని బట్టి దాదాపు 275 ధారలు. ఎత్తు గరిష్ఠంగా 80 మీటర్ల పైచిలుకు. ఎక్కువ ధారలు అర్జెంటీనా వైపు ఉన్నాయి. అందుకే బ్రెజిల్ వైపు నిలబడితే మొత్తం సీన్ ఒకేసారి కనిపిస్తుంది, అర్జెంటీనా వైపు వెళ్తే నీళ్ళ నెత్తిమీదే నడుస్తాం. అడవిలో చిన్న రైలు ఎక్కి, దిగాక నది మీద కట్టిన ఇనుప నడకదారిలో కిలోమీటరు పైన నడిస్తే "దెయ్యం గొంతు" అనే చోటికి చేరతాం. అక్కడ నది మూడు వైపుల నుంచి ఒకే గోతిలోకి పడిపోతుంది. రెయిన్‌కోటు వేసుకున్నా ఒకటే, వేసుకోకపోయినా ఒకటే. నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది నీళ్ళు కాదు, పిట్టలు. స్విఫ్ట్ అనే నల్లటి చిన్న పిట్టలు ఆ నీటి తెరలోంచి దూసుకెళ్ళి వెనక రాతికి గూళ్ళు కట్టుకుంటాయి. అంతకన్నా సేఫ్ ఇల్లు ఏముంటుంది చెప్పండి?

ఇక్కడి రాయి బసాల్ట్. సుమారు 13 కోట్ల ఏళ్ళ కింద లావా పొరలు పొరలుగా పరుచుకుని గట్టిపడింది. మన దక్కన్ పీఠభూమిలో, వికారాబాద్ వైపు కనిపించే నల్లరాయి కూడా ఈ జాతిదే, కాకపోతే వయసులో చాలా చిన్నది. పొరల మధ్య మెత్తటి భాగాలు ముందు అరిగిపోతాయి, పైన గట్టి పొర విరిగి పడుతుంది, అలా మెట్లు మెట్లుగా జలపాతం తయారవుతుంది. పరానా నది మీద గ్వాయిరా జలపాతాన్ని తయారుచేసింది కూడా ఈ లావానే.

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. యూరప్ వాళ్ళ రాతల్లో ఇగ్వాసు మొదటిసారి కనిపించేది 1542లో. అల్వార్ నూన్యెస్ కబేసా దె వాకా అనే స్పెయిన్ దొర బ్రెజిల్ తీరం నుంచి అసున్సియోన్‌కి అడవి దారిన వెళ్తూ ఇక్కడికి వచ్చాడు. ఆ ఇంటిపేరుకి అర్థం "ఆవు తల". నిజంగానే. పాఠ్యపుస్తకాల్లో ఆయన్ని "కనిపెట్టినవాడు" అని రాస్తారు. కానీ ఆయనకి దారి చూపించింది గ్వారానీలు, తిండి పెట్టిందీ గ్వారానీలే. ఎవరి ఇంట్లోకో వెళ్ళి, ఆ ఇంటిని నేనే కనిపెట్టాను అన్నట్టు ఉంటుంది ఈ మాట.

గ్వాయిరా జలపాతం చరిత్రలోకి వచ్చిన సందర్భం ఇంకా బరువైనది. 1600ల మొదట్లో ఆ ప్రాంతంలో జెసూట్ పాద్రీలు గ్వారానీలతో ఊళ్ళు కట్టించారు. సావో పావులో వైపు నుంచి బానిసల వేటగాళ్ళు వచ్చి ఆ ఊళ్ళ మీద పడి మనుషుల్ని పట్టుకుపోయేవారు. 1631లో ఆంటోనియో రూయిస్ దె మోంటోయా అనే పాద్రీ నాయకత్వంలో సుమారు 12,000 మంది గ్వారానీలు ఊళ్ళు వదిలేసి, 700 తెప్పలతో నది వెంట కిందికి పారిపోయారు. దారికి అడ్డంగా ఈ జలపాతం. ఖాళీ పడవలైనా కిందికి దాటతాయేమో అని 300 పడవల్ని వదిలారు. ముక్కలైపోయాయి. ఇక పిల్లల్నీ మూటల్నీ మోసుకుంటూ జలపాతం పక్కన అడవిలో రోజుల తరబడి నడిచారు. ఈ లెక్కలన్నీ మోంటోయానే 1639లో అచ్చయిన తన పుస్తకంలో రాసుకున్నాడు. అంటే ఈ జలపాతం ఒక జాతి వలసకి సాక్షి అన్నమాట.

ఫాస్ట్ ఫార్వర్డ్ చేద్దాం, 1916. విమానాల చరిత్రలో పేరున్న బ్రెజిల్ మనిషి శాంటోస్ డ్యూమాంట్, అదే 1906లో పారిస్‌లో విమానం ఎగరేసి చూపించినాయన, ఇగ్వాసు చూడడానికి వచ్చాడు. బ్రెజిల్ వైపు జలపాతం ఉన్న భూమి ఒక ప్రైవేటు వ్యక్తి పట్టా భూమి అని అక్కడ తెలిసింది. ఇంత అందం ఒకరి సొత్తు ఎలా అవుతుంది అని ఊరుకోలేదాయన. గుర్రం మీద రోజుల తరబడి అడవి దాటి, రాష్ట్ర రాజధాని కురిచీబా చేరి, రాష్ట్ర అధినేతతో నేరుగా మాట్లాడాడు. 1916 జూలైలో డిక్రీ వచ్చింది, 1,008 హెక్టార్లు ప్రభుత్వం తీసుకుంది. 1934లో అర్జెంటీనా తన వైపు నేషనల్ పార్క్ చేసింది. 1939 జనవరిలో బ్రెజిల్ కూడా చేసింది. 1984లో అర్జెంటీనా వైపు, 1986లో బ్రెజిల్ వైపు యునెస్కో వారసత్వ జాబితాలోకి వెళ్ళాయి. బ్రెజిల్ వైపు పార్కులో ఇప్పుడు శాంటోస్ డ్యూమాంట్ విగ్రహం ఉంది, అందరూ దాని పక్కన సెల్ఫీ తీసుకుంటారు.

గ్వాయిరాకి కూడా రక్షణ దొరికింది. పోర్చుగీసులో దాన్ని "సెచి కెదాస్", ఏడు జలపాతాలు అంటారు. 1961లో అది కూడా నేషనల్ పార్క్ అయింది. మరి ఎక్కడ తేడా కొట్టింది?

తేడా నీళ్ళలోనే ఉంది. వరదల టైంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర ఇన్ని లక్షల క్యూసెక్కులు అని టీవీలో కింద స్క్రోలింగ్ వస్తుంది కదా, ఆ లెక్కలోనే చెప్తాను. ఇగ్వాసులో మామూలు రోజుల్లో సెకనుకి సుమారు 1,500 ఘనపు మీటర్లు, అంటే 53 వేల క్యూసెక్కులు. గ్వాయిరాకి పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే సగటు 13,300 ఘనపు మీటర్లు. దాదాపు 4 లక్షల 70 వేల క్యూసెక్కులు! అది వరద కాదు, సగటు. కవికి అది అందం. ఇంజనీరుకి అది మెగావాట్లు. ఏ బలం వల్ల జలపాతం గొప్పదైందో, ఆ బలమే దాని కొంప ముంచింది.

ఇంకో కారణం సరిహద్దు గొడవ. జలపాతం దగ్గర బోర్డర్ ఎక్కడ అన్నది బ్రెజిల్‌కీ పరాగ్వేకీ తేలలేదు. 1965లో బ్రెజిల్ సైనికులు అక్కడ మకాం వేశారు, పరాగ్వే భగ్గుమంది. 1966 జూన్‌లో రెండు దేశాలూ ఒక ఒప్పందానికి వచ్చాయి: నీటి కరెంటు చెరి సగం. 1973 ఏప్రిల్‌లో ఇటైపు డ్యామ్ ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. అప్పుడు రెండు చోట్లా నియంతల పాలనే. బ్రెజిల్‌లో మిలిటరీ, పరాగ్వేలో స్ట్రోస్నర్. ముంపు గురించి జనాన్ని అడిగే అలవాటు ఇద్దరికీ లేదు. గొడవ పడిన నేలనే నీళ్ళతో నింపేస్తే ఇక గొడవే లేదు కదా! వినడానికి జోక్‌లా ఉన్నా జరిగింది దాదాపు అదే.

ఇక్కడ మ్యాప్ ఒకసారి చూడండి. ఇగ్వాసు నది వచ్చి పరానాలో కలిసే చోటుకి పైన ఇటైపు డ్యామ్ ఉంది. కాబట్టి డ్యామ్ నీళ్ళు పరానా వెంట పైకి, గ్వాయిరా దాకా సుమారు 170 కిలోమీటర్లు ఎదురెక్కాయి. ఉపనది మీదున్న ఇగ్వాసు జోలికి రాలేదు. ఇగ్వాసు బతకడంలో పార్క్ చట్టం పాత్ర ఎంతో, ఈ లొకేషన్ పాత్ర కూడా అంతే.

మరి గ్వాయిరా కూడా నేషనల్ పార్కే కదా, చట్టం అడ్డుపడలేదా? 1981లో ఇంకో డిక్రీతో ఆ పార్కునే రద్దు చేసేశారు. అంతే సింపుల్. ఒక సంతకంతో పుట్టింది, ఇంకో సంతకంతో పోయింది. ఇరవై ఏళ్ళ ఆయుష్షు.

మునిగిపోతుందని తెలిశాక జనం ఎగబడ్డారు. 1982 జనవరి 17న జలపాతం మీదున్న వేలాడే నడకవంతెన ఒకటి తెగిపోయింది. 32 మంది చనిపోయారు, ఆఖరి చూపు కోసం వచ్చినవాళ్ళు. బ్రెజిల్ పెద్ద కవి కార్లోస్ డ్రుమోండ్ దె అంద్రాదె ఆ ఏడాదే ఈ జలపాతానికి వీడ్కోలుగా కవిత రాశాడు. అక్టోబర్ 13న గేట్లు మూశారు. 14 రోజుల్లో డ్యామ్ దగ్గర నీళ్ళు సుమారు 100 మీటర్లు పైకొచ్చాయి. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్ళకి ఒక మాటలో చెప్పాలంటే, బ్యాకప్ లేని డిలీట్.

ఇప్పుడు రెండో వైపు కూడా వినాలి, లేకపోతే అన్యాయం. ఇటైపు కెపాసిటీ 14,000 మెగావాట్లు. పరాగ్వే వాడే కరెంటులో అత్యధిక భాగం ఇక్కడిదే. బొగ్గు కాల్చకుండా వచ్చిన కరెంటు. ఆ అప్పు 2023లో తీరిపోయింది కూడా. సావో పావులోలో లైట్ వేసే మనిషిని దోషి అనలేం. నాగార్జునసాగర్ నీళ్ళతో పండిన అన్నం తింటూ, నాగార్జునకొండ లోయ మునిగిపోయిందని బాధపడే మనకి ఈ ఇరకాటం కొత్త కాదు.

నన్ను నిలబెట్టి ఆలోచింపజేసింది మాత్రం లాభనష్టాల్లో ఎవరి వాటా ఎంత అన్నది. సరస్సు నిండే టైంలో జంతువుల్ని కాపాడడానికి పెద్ద ఆపరేషన్ నడిపారు. 36 వేలకు పైగా జంతువుల్ని పట్టి ఒడ్డుకి చేర్చారు. మంచి పనే. ఆ ఆపరేషన్‌కి పేరు గ్వారానీ భాషలోంచి తీసుకున్నారు. అదే టైంలో ఒకోయి దగ్గర నేల కోల్పోయిన అవా గ్వారానీలకి దక్కింది సుమారు 230 హెక్టార్ల ముక్క. ఇంకో మాట. అంతకుముందు 1970లలో ఇగ్వాసు నేషనల్ పార్క్ లోపల ఉంటున్న రైతు కుటుంబాల్ని ఖాళీ చేయించి తెచ్చి పెట్టింది కూడా ఈ ఒకోయి ప్రాంతంలోనే, గ్వారానీల నేల మీదే. అంటే అడవిని కాపాడినప్పుడూ వాళ్ళే జరగాల్సి వచ్చింది, అడవిని ముంచినప్పుడూ వాళ్ళే జరగాల్సి వచ్చింది. 1631లో జరిగినవాళ్ళు కూడా ఆ జాతివాళ్ళే. చివరికి 2025లో, నలభై ఏళ్ళు దాటాక, బ్రెజిల్‌లో ఒక సెటిల్‌మెంట్ కుదిరింది. 3,000 హెక్టార్లు కొనివ్వడానికీ, బహిరంగంగా క్షమాపణ చెప్పడానికీ ఒప్పుకున్నారు.

ఇగ్వాసు సేఫ్ కదా అని రిలాక్స్ అవ్వద్దు. జలపాతానికి పైన ఇగ్వాసు నది మీద ఆరు పెద్ద డ్యాములున్నాయి, చివరిది 2019లో మొదలైంది. మనం చూసే ధార కొంతవరకూ ఆ గేట్ల చేతిలో ఉంది. 1999లో పార్క్ మధ్యలోంచి వెళ్ళే ఒక రోడ్డుని చట్టవిరుద్ధంగా తెరవడం వల్ల యునెస్కో బ్రెజిల్ వైపు పార్క్‌ని ప్రమాదంలో ఉన్న జాబితాలో పెట్టింది. రోడ్డు మూయించాక 2001లో తీసేసింది. చుట్టూ ఉన్న అట్లాంటిక్ అడవిలో చాలా భాగం ఎప్పుడో పొలాలైపోయింది. శాటిలైట్ వ్యూలో చూస్తే పార్క్ హద్దు కత్తితో కోసినట్టు కనిపిస్తుంది: ఇవతల సోయా, అవతల జాగ్వార్లు తిరిగే అడవి.

నేను బస్సెక్కి గ్వాయిరా కూడా వెళ్ళాను. అక్కడ పరానా మీద అయర్టన్ సెన్నా పేరుతో మూడున్నర కిలోమీటర్ల వంతెన ఉంది. దాని మీంచి చూస్తే చేపల పడవలు, గాలికి చిన్న అలలు. చప్పుడు లేదు. కిలోమీటర్ల దూరం వినిపించేదని చెప్పే జలపాతం దగ్గర చప్పుడు లేకపోవడమే చూడాల్సిన విషయం.

పార్క్ అని బోర్డు పెట్టినంత మాత్రాన ఏదీ శాశ్వతం కాదు. ఇగ్వాసుని ఒక మనిషి గుర్రమెక్కి వెళ్ళి అడగడం కాపాడింది, తర్వాత రోడ్డు మూయించినవాళ్ళు కాపాడారు, ఇంకా కాపాడుతూనే ఉండాలి. మీ జిల్లాలో మీకు ఇష్టమైన జలపాతం, చెరువు, అడవి ఏదైనా ఉంటే అది ఏ చట్టం కింద ఉంది, దాని హద్దు ఎక్కడ, ఆ హద్దు ఎప్పుడైనా మారిందా అని ఒక్కసారి వెతకండి. అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు ఎవరో కూడా కనుక్కోండి. దొరికింది కామెంట్స్‌లో రాయండి, అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.