192.168 ఎక్కడి నుంచి వచ్చింది?

మీ వైఫై రౌటర్ సెట్టింగ్స్ ఎప్పుడైనా తెరిచి చూశారా? చాలా ఇళ్లలో 192.168తో మొదలయ్యే అడ్రసే ఉంటుంది. మన ఇంట్లోనూ అదే, పక్కింట్లోనూ అదే. ఈ నంబర్ ఎవరు పెట్టారు? ఇవాళ ఆ కథ చెప్పుకుందాం.

1981లో ఐపీ వెర్షన్ 4 ప్రమాణం వచ్చింది. అడ్రస్‌కి 32 బిట్లు, మొత్తం దాదాపు 430 కోట్ల అడ్రసులు. అప్పటికి అది చాలా ఎక్కువ. కానీ పంచిన పద్ధతి దగ్గరే దెబ్బ పడింది. క్లాస్ సీ అంటే 256 అడ్రసులు, దాని పైది క్లాస్ బీ అంటే ఏకంగా 65,536. వెయ్యి కంప్యూటర్లున్న ఆఫీసు క్లాస్ బీ తీసుకుంటే 64 వేలకు పైగా వృథా!

1994 మార్చిలో యాకోవ్ రెక్టర్, మరి ముగ్గురు కలిసి ఆర్‌ఎఫ్‌సీ 1597 అనే పత్రం రాశారు. లోపలి నెట్‌వర్క్‌లకి మూడు వరసలు విడిగా పెడదాం, ఎవరినీ అడగకుండా ఎవరైనా వాడుకోవచ్చు అన్నారు. ఒకటి 10తో మొదలయ్యేది, అది పాత అర్పానెట్ నంబర్. రెండోది 172.16 నుంచి 172.31 వరకు. మూడోది మన 192.168.

అందరూ ఒప్పుకోలేదు. అదే ఏడాది జూలైలో ఇలియట్ లియర్ బృందం ఆర్‌ఎఫ్‌సీ 1627తో ఎదురు చెప్పింది. ఒకే అడ్రస్ ఇద్దరి దగ్గర ఉంటే, రేపు ఆ రెండు నెట్‌వర్క్‌లు కలపాల్సి వచ్చినప్పుడు ఏం చేస్తారన్నది వాళ్ల ప్రశ్న.

అసలు విశేషం ఇక్కడుంది. 1996 ఫిబ్రవరిలో వచ్చిన చివరి పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1918 రచయితల్లో లియర్ పేరు కూడా ఉంది! వరసలు అవే ఉన్నాయి. కాకపోతే లోపాలు కూడా రాశారు, నంబర్‌ని యాదృచ్ఛికంగా ఎంచుకోమని సలహా ఇచ్చారు.

ఆ సలహా మనం పట్టించుకోలేదు. ఇంట్లో 192.168.1, ఆఫీసులోనూ 192.168.1. ఇంటి నుంచి వీపీఎన్ పెట్టి ఆఫీసు సర్వర్ 192.168.1.10 తెరవబోతే, అది ఇంట్లోనే ఉందనుకుని మన ల్యాప్‌టాప్ ఇక్కడే వెతుకుతుంది. లియర్ భయపడింది సరిగ్గా దీని గురించే.

అందుకే చిన్న ఆఫీసు పెడుతుంటే మొదటి రోజే 10.73.20 లాంటి నంబర్ ఒకటి ఎంచుకోండి. 2 నుంచి 49 వరకు ప్రింటర్లకీ కెమెరాలకీ కేటాయించండి. 100 నుంచి 199 వరకు డీహెచ్‌సీపీకి వదిలేయండి, ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ అవే తీసుకుంటాయి. ఏది ఎవరిదో ఒక కాగితం మీద రాసి రౌటర్ పక్కన అంటించండి. యాభై పరికరాలు చేరాక మార్చాలంటే ఒక ఆదివారం మొత్తం పోతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.