దూరపు యుద్ధాలు, నెల్లూరు విశ్వాసం: రెండు మిషన్ల అనుభవం

యుద్ధకాలంలో విశ్వాసిని వేధించే ప్రశ్న ఒక్కటే అనుకుంటాం: దేవుడున్నాడు కదా, ఇంత రక్తపాతం ఎలా చూస్తున్నాడు? హబక్కూకు ప్రవక్త దేవుణ్ణి నిలదీసింది ఈ సంగతి మీదే. నెల్లూరు జిల్లా క్రైస్తవ చరిత్ర అంతకంటే ఇబ్బందికరమైన ప్రశ్నను ముందుకు తెస్తుంది. చంపుకునే రెండు పక్షాలూ ప్రభువు పేరే చెప్పుకుంటుంటే, సువార్త తెచ్చిన దేశాన్నీ సువార్తనూ విడదీసి చూడటం ఎలా? ఈ జిల్లా గడ్డ మీద జరగని రెండు యుద్ధాలు ఇక్కడి సంఘాల ముందు ఆ ప్రశ్నను ఎలా నిలిపాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అమెరికా అంతర్యుద్ధం

నెల్లూరు నుంచి సంగం మీదుగా ఆత్మకూరు, ఉదయగిరి వైపు విస్తరించింది అమెరికన్ బాప్టిస్టు మిషన్. శామ్యూల్ డే 1836లో భారతదేశం వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా ఫలితం కనపడలేదు. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన బాప్టిస్టుల సమావేశంలో మిషన్‌ను మూసేద్దామనే చర్చ వచ్చింది. శామ్యూల్ స్మిత్ అప్పుడు రాసిన కవిత వల్లే దానికి ‘ఒంటరి నక్షత్రం’ అనే పేరు స్థిరపడింది.

ఈ మిషన్‌ను పోషించిన సంఘం లోపలే అప్పటికి చీలిక ఉంది. బానిసల యజమానిని మిషనరీగా పంపవచ్చా అన్న వివాదంపై 1845లో అమెరికా బాప్టిస్టులు ఉత్తర, దక్షిణ వర్గాలుగా విడిపోయారు. నెల్లూరు ఉత్తరాది వారి చేతిలో మిగిలింది. 1861లో యుద్ధం మొదలైంది. మరుసటి ఏడాదే మూసివేత ప్రతిపాదన మళ్లీ తలెత్తింది. జబ్బుపడి స్వదేశం చేరిన నెల్లూరు మిషనరీ లైమన్ జూయెట్ పట్టుబట్టి దాన్ని ఆపించాడు. 1864 చివర్లో కొత్త మిషనరీ జాన్ క్లౌను వెంటబెట్టుకుని తిరుగు ప్రయాణమయ్యాడు. వాళ్లు ఓడలో ఉండగానే, 1865 మార్చి 4న, లింకన్ తన రెండో ప్రమాణస్వీకార ప్రసంగం చేశాడు. ఇరుపక్షాలదీ ఒకటే బైబిలని, ఇద్దరి మొరలూ పూర్తిగా నెరవేరలేదని అందులో అన్నాడు.

అక్కడ బానిసత్వం రేపిన ప్రశ్న క్లౌ పనిచేసిన ఒంగోలులో కులం రూపంలో ఎదురైంది. 1866లో తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ పెద్ద ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. అంటరానివాళ్లను చేర్చుకుంటే తమ పిల్లలను బడి మాన్పిస్తామని పై కులాలవాళ్లు పట్టుబట్టారు. క్లౌ మాదిగలను వదులుకోలేదు. బైబిలు చేతపట్టుకునే బానిసత్వాన్ని సమర్థించినవాళ్లున్నారు. అదే బైబిలు పట్టుకుని మాదిగపల్లె ఆత్మగౌరవంతో నిలబడింది. గ్రంథం ఒకటైనా, దాన్ని ఎవరి పక్షాన నిలబడి చదువుతున్నారన్నదే తేడా.

మొదటి ప్రపంచ యుద్ధం

జిల్లా దక్షిణాన సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు ప్రాంతాల్లో పనిచేసింది జర్మనీకి చెందిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్. ఆగస్ట్ మిలియస్ 1865లో సూళ్లూరుపేటలో దానికి పునాది వేశాడు. యాభై ఏళ్లు నిండకముందే దాని కథ అడ్డం తిరిగింది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులను తగలబెట్టింది. నిన్నటిదాకా పిల్లలకు ప్రశ్నోత్తరి నేర్పిన జర్మన్ దొర ప్రభుత్వం దృష్టిలో శత్రుదేశస్థుడయ్యాడు. జర్మన్ మిషనరీలను నిర్బంధించారు. 1915–16లో గోల్కొండ అనే ఓడలో చాలామందిని స్వదేశానికి పంపేశారు.

మిషన్ బాధ్యత అమెరికాలోని ఒహాయో సినడ్ లూథరన్లకు దక్కింది. 1917లో అమెరికా కూడా జర్మనీపై యుద్ధానికి దిగింది. దాంతో లూథరు పేరు చెప్పుకునే రెండు దేశాల విశ్వాసులు ఐరోపాలో తుపాకులు ఎక్కుపెట్టుకున్నారు. ఇక్కడ మాత్రం ఒకరు కట్టిన గుడిలో మరొకరు ప్రసంగించారు.

సంఘం ఎవరిది?

1919 వెర్సాయ్ ఒప్పందంలోని 438వ అధికరణం జర్మన్ మిషన్ల ఆస్తుల గురించే. వాటిని ప్రభుత్వాలు ఆమోదించే ట్రస్టీలకు అప్పగించాలని, ఆ ట్రస్టీలు అదే విశ్వాసానికి చెందినవారై ఉండాలని అది నిర్దేశించింది. విశ్వాసాన్ని గుర్తించిన ఒప్పందం స్థానిక సంఘాన్ని గుర్తించలేదు. బడి, బావి, గుడి ఎవరి చేతికి వెళ్లాలో పాలెంలోని విశ్వాసిని ఎవరూ అడగలేదు. దొరలు మారినా ఆదివారం ఆరాధన నడిపే తెలుగు ఉపదేశకుడు ఊళ్లోనే ఉన్నాడు. శవానికి మట్టి చేసినా, పెళ్లి చేసినా ఆయనే.

హబక్కూకు ప్రశ్నకు ఈ చరిత్రలో జవాబు దొరకదు. రెండో ప్రశ్నకు మాత్రం కొంత దొరుకుతుంది. క్రీస్తు ఏ దేశపు జెండా కిందా లేడని ఈ సంఘాలు వేదాంత గ్రంథాల్లో చదివి నేర్చుకోలేదు, దొరల బంగళాలు ఖాళీ అయినప్పుడు కళ్లారా చూసి తెలుసుకున్నాయి. అయినా ఆ ఎరుక అధికారంగా మారడానికి మరో యుద్ధం దాటాల్సి వచ్చింది. దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం స్వతంత్ర సంఘంగా ఏర్పడింది 1945లో.