దివిసీమకు పెట్టనికోట – హంసలదీవి మడ అడవి

మన మైలవరం వారికి కొండపల్లి కొండల గాలి నిత్యం లభించేదే. సముద్రపు గాలికి మాత్రం తీరిక చేసుకుని వెళ్ళవలసిందే. ఉద్యోగకాలంలో చిక్కని ఆ తీరిక యిప్పుడు మనకున్నది. విజయవాడ, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు మీదుగా వెళితే హంసలదీవి చేరవచ్చు. పులిగడ్డ వద్ద చీలిన కృష్ణమ్మ పాయల నడుమనున్న నేలే దివిసీమ. హంసలదీవి వేణుగోపాలస్వామి ఆలయం, మాఘపూర్ణిమ నాటి సాగరసంగమ స్నానాలు అందరూ ఎరిగినవే. ఆ పక్కనున్న మడ అడవి కథ తెలిసినవారు తక్కువ.

ఈ తీరానికి ఉప్పెన కొత్త కాదు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19, శనివారం నాడు దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో అధికార లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది మరణించారు. సొర్లగొంది వంటి పల్లెలు తుడిచిపెట్టుకు పోయాయి. బాధితులకు అండగా నిలిచిన మండలి వెంకట కృష్ణారావు గారి పేరే తర్వాత పులిగడ్డ–పెనుమూడి వారధికి పెట్టారు.

ఇటువంటి తీరానికి మడచెట్టు కాపలాదారు. దాని వేళ్ళు ఒండ్రును పట్టి ఉంచుతాయి, అలల జోరును విరుస్తాయి. మహా ఉప్పెనను పూర్తిగా ఆపలేకపోయినా దెబ్బను తగ్గిస్తాయి. చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరిగేదీ ఆ నీడనే. వంటచెరకుకు కొంత, రొయ్యల చెరువులకు కొంత ఆ అడవి తరిగిపోయింది. 1989లో సుమారు 195 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని కృష్ణా అభయారణ్యంగా ప్రకటించారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల చెరువులకు కళ్ళెం వేసింది. అటవీశాఖ వారు చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటునీటిని లోపలికి పారించి మడమొక్కలు నాటారు. అయితే ఎగువ ఆనకట్టల వెనుక ఒండ్రు నిలిచిపోవడం వల్ల తీరం కోతకు గురవుతూనే ఉన్నది.

చలికాలం ప్రయాణానికి అనువైనది. అభయారణ్యంలో బావురుపిల్లులు, నీటికుక్కలు, నక్కలు, కొంగలు ఉన్నాయి. జనవరి నుండి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు యిసుకలో గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. అడవిలోకి వెళ్ళదలచినవారు అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. సంగమం వద్ద లోతు, లాగుడు ఎక్కువ. పెద్దలు ఒడ్డున నిలబడి నీళ్ళు నెత్తిన చల్లుకుంటే చాలు, పుణ్యం తగ్గదు.

ఏటా నవంబరు 19న దివిసీమలో మృతులకు నివాళులర్పిస్తారు. ఆనాడు సహాయ విధులకు వెళ్ళిన ఉద్యోగులలో కొందరు నేటికీ మన మధ్య ఉన్నారు. వారు చూసినది కాగితాలకెక్కనిది ఎంతో ఉంటుంది. ఈసారి మనుమలను వెంటబెట్టుకు వెళ్ళి, అలలను చూపించి, ఆ అడవి ఎందుకు నిలవాలో చెప్పండి. మనం చెప్పకపోతే వారికి అది ఉట్టి బురదగానే కనిపిస్తుంది.